మానిన గోడ

పుండు మానింది అంటాం, జ్వరం తగ్గింది అంటాం. జ్వరం తగ్గిందన్నప్పుడు మళ్లీ రావచ్చునేమో అన్న సందేహం ఆ మాటలోనే ఉంటుంది. మానింది అన్నప్పుడు ఆ సందేహం ఉండదు. ఇక దాని సంగతి మరిచిపోవచ్చు అన్నట్టు ధ్వనిస్తుంది. మా అన్న విషయంలో ఈ ఒక్క మాట మా ఇంట్లో ఎంత తికమక పెట్టిందో చెప్పాలనే ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని పాఠ్యపుస్తకాల్లో బృహద్ధమని అంటారు. డాక్టర్లు అయోర్టా అంటారు. 2022 జనవరిలో మా అన్నకు అది లోపల చీలింది. మనిషి బతికాడు. చీలిన చోటు మానింది కూడా. కాని ఆ గోడ మునుపటి గోడ కాలేదు. మందమై, గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుని నిలబడింది. అలా నిలబడబట్టే మనిషి ఉన్నాడు. అలా గట్టిపడబట్టే ఇక జన్మంతా జాగ్రత్తగా ఉండాల్సి వచ్చింది. ఒకే మార్పు రక్షణా అయింది, బరువూ అయింది. ఇది అర్థం చేసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

నేను డాక్టర్ను కాను. బి.కామ్. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ముప్పై ఏళ్ల నౌకరీలో నాకు అబ్బిన విద్య ఒకటే. కాగితం మీద అంకె కనబడితే దాని వెనక ఏముందో అడగడం. అన్న స్కాను రిపోర్టులనూ అదే అలవాటుతో చదివాను. అర్థం కానిచోట డాక్టర్లను విసుగు పుట్టేదాకా అడిగాను.

మాది షోలాపూరు. మా ముత్తాతలు కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, ఆస్పత్రి వరండాలో హిందీ, రిపోర్టులో ఇంగ్లీషు. నేను బ్యాంకులో పడ్డాను గాని అన్న మగ్గం వదలలేదు. పద్నాలుగు పవర్‌లూముల మీద టర్కీ టవళ్లు నేయించేవాడు. చదువు మరాఠీ ఏడో తరగతితో ఆగింది. రిపోర్టులో ఉన్నది అతనికి మన మాటల్లో చెప్పడం నా వంతు అయింది. ‘ట్రూ ల్యూమెన్, ఫాల్స్ ల్యూమెన్’ అని డాక్టరు అంటే నేను ‘అసలు దారి, దొంగ దారి’ అన్నాను. ఆ పేర్లే మా ఇంట్లో స్థిరపడ్డాయి. ఇక్కడా అవే వాడతాను.

ఆ రోజు పొద్దున అన్న కార్ఖానాలో ఉండగా రెండు రెక్కల మధ్య వీపులో ఒక్కసారిగా నొప్పి పుట్టింది. గట్టి బట్టను రెండు చేతులా చింపినట్టుందన్నాడు. నేతగాడు కాబట్టి అలా అన్నాడనుకున్నాను. తర్వాత తెలిసింది, ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామంది ‘చింపినట్టు, చీల్చినట్టు’ అనే చెబుతారట. ఇ.సి.జి.లో ఏమీ లేదు. బీపీ మాత్రం 210/120. ఆస్పత్రిలో ఉన్న కుర్ర డాక్టరుకు అనుమానం వచ్చి సాయంత్రానికల్లా రంగుమందు ఎక్కించి సి.టి. స్కాను తీయించాడు. ఆ అనుమానమే అన్నను కాపాడింది.

ఈ నాళం పని ఏమిటో చెప్పకపోతే చీలడమంటే ఏమిటో తెలియదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బయటికి నెడుతుంది. అలా రోజుకు లక్ష సార్లు. నాళం ఇనుప గొట్టమైతే రక్తం ఆగి ఆగి ఎగదన్నుతూ పోవలసిందే. అలా కాకుండా ఈ నాళం రబ్బరులాగా ఉబ్బి, వచ్చిన రక్తంలో దాదాపు సగాన్ని తనలో దాచుకుంటుంది. గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో మళ్లీ ముడుచుకుని దాన్ని ముందుకు పంపుతుంది. అందుకే వేలికొసల దాకా రక్తం ధారగా అందుతుంది. పాతకాలపు అగ్నిమాపక యంత్రాల్లో నీళ్లు తెగకుండా రావడానికి ఒక గాలిగది ఉండేది. రక్తపోటును మొట్టమొదట గుర్రాల మీద గాజుగొట్టంతో కొలిచిన స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు 1733లో ధమనులను ఆ గాలిగదితో పోల్చాడు. 1899లో ఆటో ఫ్రాంక్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దానికి గణితం కట్టాడు.

ఈ గోడ మందం సుమారు రెండు మిల్లీమీటర్లే. అందులో మూడు అంతరాలు. లోపలిది పలచని నున్నటి పొర. బయటిది గట్టి తొడుగు. బలమంతా మధ్యదానిలో ఉంది. ఛాతీ భాగంలో ఈ మధ్య అంతరంలో యాభై అరవై సాగే రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మధ్య కండర కణాలు, గట్టి పోగులు. లోపలి పొరకు ఒకచోట చిరుగు పడితే రక్తం అందులోంచి ఈ రేకుల మధ్యకు దూరుతుంది. గుండె కొట్టే ప్రతి దెబ్బకూ రేకులను విడదీసుకుంటూ కిందికి పోతుంది. దాంతో ఒకే నాళంలో రెండు దారులు ఏర్పడతాయి. వాటి మధ్య చీలి వేలాడే పొర ఒక తెరలా ఆడుతూ ఉంటుంది.

ఈ చావును శవపరీక్షలో స్పష్టంగా వర్ణించిన తొలి సందర్భాల్లో ఒకటి ఇంగ్లండు రాజు రెండో జార్జిది. 1760 అక్టోబరు 25న పొద్దున మరుగుదొడ్డికి వెళ్లి అక్కడే కూలిపోయాడు. రాజవైద్యుడు ఫ్రాంక్ నికల్స్ పరీక్షించి, నాళం చీలి గుండె చుట్టూ ఉన్న సంచిలో రక్తం గడ్డకట్టి ఉందని రాశాడు. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లు డాక్టర్లు దీనికి పేరు పెట్టగలిగారు గాని మందు వేయలేకపోయారు. 1954లో అమెరికాలో మైకేల్ డెబేకీ చీలిన భాగాన్ని కోసి బాగుచేశాడు. ఆ డెబేకీకే 2005 డిసెంబరు 31న, 97 ఏళ్ల వయసులో, ఇదే జబ్బు వచ్చింది. 2006 ఫిబ్రవరిలో ఆయన శిష్యులే ఆపరేషను చేశారు. 2008 జులై దాకా బతికాడు.

చీలిక ఎక్కడ మొదలైందన్నదాన్ని బట్టి దారి మారుతుంది. గుండెకు ఆనుకుని పైకి లేచే భాగంలో చీలితే అది ఏ రకం. వెంటనే ఛాతీ తెరవాలి. వదిలేస్తే మొదటి రెండు రోజుల్లో గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున పోతారని పాత లెక్క. ఎడమచేతికి నాళం విడిపోయే చోటు దాటాక, వెన్నెముక వెంట కిందికి దిగే భాగంలో మొదలైతే అది బీ రకం. ఏ అవయవానికీ రక్తం ఆగకపోతే, నాళం పగిలే సూచన లేకపోతే మందులతోనే చూస్తారు. అన్నది ఈ రెండోది. చీలిక ఛాతీలో మొదలై మూత్రపిండాల నాళాలకు కాస్త పైన ఆగింది.

కోయకుండా మందులతో చూడటమనే పద్ధతి వెనక ఒక ముచ్చట ఉంది. అమెరికాలో టర్కీ కోళ్ల ఫారాల్లో బాగా బలిసిన కోళ్లు ఇదే నాళం చీలి చచ్చిపోయేవి. మేతలో రిసర్పిన్ అనే బీపీ మందు కొద్దిగా కలిపితే ఆ చావులు తగ్గాయి. మైరన్ వీట్ అనే సర్జను ఇది గమనించి, 1965లో మనుషుల్లోనూ బీపీనీ గుండె విసురునూ తగ్గించే వైద్యాన్ని ప్రకటించాడు. ఆ రిసర్పిన్ పుట్టింది మన సర్పగంధి వేరులోంచి. ఆ వేరు బీపీకి పనికొస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లోనే ఇంగ్లీషు వైద్య పత్రికలో రాశాడు. ఇప్పుడు రిసర్పిన్ వాడరు. గుండె వేగాన్నీ విసురునూ తగ్గించే బీటా బ్లాకర్లు వాడతారు. సూత్రం మాత్రం అదే. చిరిగిన గోడకు తగిలే దెబ్బ మెత్తగా తగలాలి. పై బీపీ 120 లోపు, నాడి నిమిషానికి 60 లోపు ఉండాలని అన్నకు గీత గీశారు. పదకొండో రోజున ఇంటికి పంపారు.

అప్పుడు మేమంతా గండం గడిచిందనుకున్నాం. నిజానికి గోడలోపల అసలు పని అప్పుడే మొదలైంది.

మధ్య అంతరంలోని సాగే రేకులు ఎలాస్టిన్ అనే పదార్థంతో అయినవి. మనిషి తల్లి కడుపులో ఉండగానూ, పసితనంలోనూ శరీరం దాన్ని తయారు చేసుకుంటుంది. పెద్దయ్యాక పనికొచ్చే విధంగా మళ్లీ అల్లలేదు. పుట్టుకతో వేసిన ఆ డిపాజిట్టే ముసలితనం దాకా రావాలి. దశాబ్దాల తరబడి చెక్కుచెదరదు కాబట్టి సాధారణంగా వస్తుంది కూడా. గట్టి పోగులు కొల్లాజెన్ అనే మరో పదార్థం. అది కరెంటు ఖాతా లాంటిది. పాతది పోతూ కొత్తది వస్తూ నెలల వ్యవధిలో మారిపోతుంది. ఎలాస్టిన్ రెట్టింపు దాకా సాగి వెనక్కి వస్తుంది. కొల్లాజెన్ సాగదు. కొన్ని వందల రెట్లు గట్టిది. బీపీ మామూలుగా ఉన్నప్పుడు కొల్లాజెన్ పోగులు చాలావరకు వంపులు తిరిగి వదులుగా ఉంటాయి. ఒత్తిడి పెరిగితే నిటారుగా బిగిసి, ఇక సాగవద్దని అడ్డుపడతాయి. రెండూ ఉంటేనే గోడ.

చీలిన గోడలో ఈ పొత్తు చెడుతుంది. మొదటి రోజుల్లో తెల్ల రక్తకణాలు గాయం దగ్గరికి గుంపుగా వస్తాయి. చెత్తను ఎత్తిపోయడం వాటి పని. కాని అవి విడుదల చేసే రసాలు మిగిలిన ఎలాస్టిన్‌ను కూడా ముక్కలు చేస్తాయి. ఆ తర్వాతి వారాల్లో గోడలోని కండర కణాలు తమ పాత పని తగ్గించుకుంటాయి. ముడుచుకోవడం, సడలడం మానేసి, కొల్లాజెన్ పోగులు తయారు చేసే పనిలో పడతాయి. బయటి తొడుగులోని కణాలు కూడా వాటికి తోడవుతాయి. ఎలాస్టిన్ మళ్లీ అల్లడం రాదు కాబట్టి వచ్చిన పనే చేస్తాయి. చిరిగినచోట చేతికందిన దారంతో రఫ్ఫు చేసినట్టన్నమాట. మూల నేత రాదు. చిల్లు మూతపడుతుంది. ముట్టుకుంటే అక్కడ దళసరిగా తగులుతుంది.

రెండు దారుల మధ్య వేలాడే తెర దీనికి మంచి సాక్ష్యం. మొదటి స్కానులో అది పలచగా, అలలు అలలుగా ఉంది. గుండె కొట్టినప్పుడల్లా ఊగే తెర అది. నెలలు గడిచేకొద్దీ అది మందమవుతుంది. అలలు పోయి నిటారు అవుతుంది. ఊగడం తగ్గుతుంది. డాక్టర్లు దీనికి గడువులు పెట్టారు. పద్నాలుగు రోజుల దాకా కొత్త గాయం, తొంభై రోజుల దాకా నడిమి దశ, ఆ తర్వాత పాతది. తొంభయ్యో రోజున ఏదో తలుపు మూసుకుంటుందని కాదు. కాని తెర మెత్తదనం సుమారుగా ఆ కాలంలోనే పోతుంది.

దొంగ దారి బయటి గోడ సంగతి వేరు. చీలిక మధ్య అంతరంలోనే పడింది కాబట్టి ఆ వైపున మిగిలింది కొన్ని రేకులూ, బయటి తొడుగూ మాత్రమే. మొత్తం గోడ మోయవలసిన ఒత్తిడిని ఈ పలచటి భాగం ఒక్కటీ మోయాలి. గొట్టం వెడల్పైనకొద్దీ దాని గోడ మీద బిగువు పెరుగుతుందని లాప్లాసు సూత్రం. అంటే ఉబ్బినకొద్దీ ఇంకా ఉబ్బడానికి దారి. ఇక్కడ కొల్లాజెన్ వచ్చి గట్టిపరచడం వరమే. గట్టిపడకపోతే పగులుతుంది. దొంగ దారిలో రక్తం పూర్తిగా గడ్డకట్టి మూసుకుపోతే అన్నిటికన్నా మంచిది. పూర్తిగా తెరుచుకుని ఉంటే నెమ్మదిగా ఉబ్బుతుంది. సగం గడ్డకట్టి సగం తెరుచుకుని ఉంటే ఇంకా ప్రమాదమని 2007లో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశీలన చెప్పింది. రక్తం లోపలికి పోయే దారి ఉండి బయటికి వచ్చే దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరగడం కారణం కావచ్చన్నారు. అన్నకు పైభాగంలో కొంత గడ్డకట్టింది. కింద తెరుచుకునే ఉంది.

మూడో నెల స్కాను పట్టుకుని హైదరాబాదు వెళ్లాం. అక్కడి డాక్టరు తెలుగువాడు. అన్నకు తన జబ్బు గురించి నేరుగా తన భాషలో వినే అవకాశం అదే మొదటిసారి. ఆయన గ్రంథాల తెలుగు మాట్లాడలేదు, మా షోలాపూరు తెలుగుకు నవ్వనూ లేదు. “తొడలోంచి తీగ పంపి లోపల బట్ట చుట్టిన స్టెంటు పెట్టొచ్చు. చిరుగు మూతపడుతుంది. అసలు దారి విచ్చుకుంటే తెర పక్కకు జరుగుతుంది. తెర ఇంకా మెత్తగానే ఉంది. ఏడాది ఆగితే తోలులాగా అవుతుంది, అప్పుడు నెట్టినా జరగదు,” అన్నాడు.

ఆ వెంటనే రెండో పక్కా చెప్పాడు. నాళం వెడల్పు 37 మిల్లీమీటర్లే. అవయవాలన్నిటికీ రక్తం అందుతోంది. బీపీ అదుపులో ఉంది. ఇలాంటివాళ్లలో స్టెంటు పెట్టి చూసిన ఒక పరీక్ష యూరపులో 140 మందితో జరిగింది. రెండేళ్లకు లెక్క చూస్తే ప్రాణాల విషయంలో తేడా కనబడలేదు. 2013లో వెలువడిన అయిదేళ్ల లెక్కలో మాత్రం స్టెంటు పెట్టినవాళ్లలో నాళం వల్ల వచ్చే చావులు తక్కువ. స్టెంటుకూ ముప్పు ఉంది. పక్షవాతం రావచ్చు. వెన్నుపాముకు రక్తం తగ్గి కాళ్లు పడిపోవచ్చు. చీలిక వెనక్కి గుండె వైపు పాకవచ్చు. ఇవి తక్కువమందికే జరుగుతాయి, కాని జరుగుతాయి.

“కాళ్లు పడిపోయేది నూటికెందరికి, సార్?” అని అన్న అడిగాడు. చాలా కొద్దిమందికి, అన్నాడు డాక్టరు. “ఆ కొద్దిమందిల నేను పడితే మగ్గం ముందర ఎట్ల నిలబడాలె?” అన్నాడు అన్న. దానికి ఆయన జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది! అన్న స్టెంటు వద్దన్నాడు. వదిన రెండు రాత్రులు ఏడ్చి, సరే అంది. నేను అటూ ఇటూ ఉన్న అంకెలు చెప్పాను గాని ఓటు వేయలేదు. అది అతని శరీరం. ఆ నిర్ణయం మంచిదా కాదా అని ఇప్పుడు కూడా ఎవరైనా అడిగితే నా దగ్గర తీర్పు లేదు. 2025 జనవరి స్కానులో తెర మందమై, నిటారై ఉందని రాశారు. డాక్టరు చెప్పిన ఆ మెత్తటి గడువు దాటిపోయింది. ఇకమీదట స్టెంటు పెట్టాల్సి వస్తే, ఆ రోజు జరిగినంత తేలికగా జరగదు.

గట్టిపడటం గోడతో ఆగలేదు. చీలికకు ముందు మందులు వేసుకున్నప్పుడు అన్న బీపీ 134/84 ఉండేది. రెండేళ్ల తర్వాత 138/62. నాకు మొదట సంతోషం వేసింది, కిందిది తగ్గింది కదా అని. డాక్టరు చూడమన్నది కిందిదాన్ని కాదు, రెండిటి మధ్య ఎడాన్ని. 50 ఉన్నది 76 అయింది. నాళం సాగనప్పుడు రక్తాన్ని దాచుకోలేదు. గుండె నెట్టినప్పుడు ఒత్తిడి పైకి ఎగురుతుంది. విశ్రాంతి సమయంలో పంపడానికి దాచిన రక్తం లేక కిందికి పడుతుంది. పైగా నాడి అల మెత్తటి నాళంలో సెకనుకు అయిదారు మీటర్లు నడిస్తే, గట్టి నాళంలో పదీ అంతకు పైనా పరుగెత్తుతుంది. కింది కొమ్మల దగ్గర తగిలి వెనక్కి వచ్చే అల, గుండె ఇంకా నెడుతుండగానే ఎదురొస్తుంది. గుండె ఆ ఎదురుదెబ్బకు రోజూ లక్షసార్లు పనిచేయాలి. అందువల్ల దాని కండరం మందమవుతుంది. గుండెకు తన స్వంత రక్తం ముఖ్యంగా విశ్రాంతి క్షణాల్లోనే అందుతుంది. కింది బీపీ మరీ తగ్గితే అదీ తగ్గుతుంది. పెరిగిన పై ఒత్తిడి మళ్లీ ఆ పలచటి గోడనే కొడుతుంది. గట్టిపడటం వల్ల బీపీ, బీపీ వల్ల మరింత గట్టిపడటం. అసలుకు వడ్డీ కలిసి, ఆ మొత్తం మీద మళ్లీ వడ్డీ పడ్డట్టు. దీన్ని తెంపేది మందులొక్కటే.

ఆ మందులే అన్న ఎనిమిదో నెలలో ఆపేశాడు. నాలుగు రోజుల తర్వాత వదిన నాకు ఫోను చేసింది. బీటా బ్లాకరు హఠాత్తుగా ఆపితే నాడీ బీపీ రెండూ ఎదురు తిరుగుతాయి. బ్యాంకు నుంచి నేరుగా కార్ఖానాకు వెళ్లాను. నాడి 94.

“నొప్పి లేదు. మానిందని నువ్వే అన్నవు గద. ఇంకా గీ గోలీలు ఎందుకురా?” అన్నాడు.

వాదించినా లాభం లేదని తెలుసు. బల్ల మీదున్న సాదా గుడ్డ ముక్క ఒకటి అతని చేతికిచ్చాను. “అన్నా, దీన్ని లాగితే మొదలు ఏం సాగుతది?”

“పోగుల వంపు.”

“వంపు పోయినంక?”

“పోగు మీదనే పడ్తది. ఇంక లాగితే తెగుతది.” ముప్పై అయిదేళ్లుగా తెలిసిన సంగతి కాబట్టి తడుముకోలేదు.

“నీ గోడల వంపు పోయింది. పోగు మీదనే నడుస్తున్నది.”

అన్న ఆ గుడ్డను రెండు చేతులతో కాసేపు పట్టుకుని ఊరుకున్నాడు. తర్వాత మా మరదలి పెళ్లినాటి పట్టుచీరకు ఎలక కొట్టినచోట రఫ్ఫు చేసిన మనిషిని గుర్తు చేసుకుని, “రఫ్ఫు చేసిన బట్టను కట్టుకోవచ్చు గాని ఝాడించి దులపొద్దని అనేటోడు,” అన్నాడు. ఆ సాయంత్రమే మందు మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత మందు మానిన రోజు లేదని వదిన సాక్ష్యం.

మా బ్యాంకు భాషలో దీనికి దగ్గరి మాట ఒకటుంది. అప్పు తీర్చలేని మనిషి చెడ్డవాడు కానప్పుడు గడువు పెంచి, వాయిదాలు మార్చి ఖాతాను నిలబెడతాం. దాన్ని రీస్ట్రక్చర్ చేసిన ఖాతా అంటాం. ఖాతా బతుకుతుంది, షాపు నడుస్తుంది, మనిషి పరువు దక్కుతుంది. కాని లెడ్జరులో దాని మీద గుర్తు ఉంటుంది. మిగతా ఖాతాల కంటే ఎక్కువసార్లు తీసి చూస్తాం. అలా చూడటం అవమానం కాదు, అనుమానం కూడా కాదు. అదే దాన్ని నిలబెట్టే పద్ధతిలో భాగం. అన్న నాళానికి కూడా ఒకటి, మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తర్వాత ఏడాదికోసారి స్కాను. అంకెలు ఇవి: 36, 37, 37, 38, 39, 40. సాధారణంగా 55 మిల్లీమీటర్ల దాకా వస్తే, లేదా ఏడాదిలో తొందరగా పెరిగితే ఆపరేషను మాట ఎత్తుతారు. ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున నడుస్తోంది. ఈ లెక్క ఇలాగే నడుస్తుందని నేను ఎవరికీ హామీ ఇవ్వను. ఇప్పటికి నడుస్తోంది, అంతే.

అన్న ఎనిమిది మగ్గాలు అమ్మేశాడు. ఆరు ఉంచుకున్నాడు. నూలు చుట్టిన బీము ఎత్తకూడదన్నారు కాబట్టి ఆ పని కొడుకు చేస్తాడు. దగ్గరుండి చెబితే చాలునని అన్నకు అలవాటు కావడానికి ఏడాది పట్టింది. పొద్దున నడక ఉంది. ఉప్పు తగ్గింది. పచ్చళ్లు వదిన అల్మారాలో పెట్టి తాళం వేసింది. భయం పోలేదు. వీపులో చిన్న పట్టు పట్టినా ఇల్లంతా లేస్తుంది. గోడలాగే మేము కూడా కొంత గట్టిపడ్డాం, కొంత సాగే గుణం పోగొట్టుకున్నాం. పండక్కి ఊరు పోదామంటే ముందు ఆ ఊళ్లో స్కాను మిషను ఎక్కడుందో కనుక్కుంటాం.

చదివేవాళ్లకు పనికొచ్చేది ఒకటి చెప్పాలి. ఈ జబ్బుకు పెద్ద కారణం అదుపులో లేని బీపీ. మన ఇళ్లలో అది నొప్పి పెట్టదు కాబట్టి జబ్బు కింద లెక్కలేదు. అన్నకు ఇరవై ఏళ్లు బీపీ ఉంది. మందు గుర్తున్న రోజున వేసుకునేవాడు. ఇంకో సంగతి. ఈ బలహీనత కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది. ఒకరికి వస్తే తోడబుట్టినవాళ్లూ పిల్లలూ ఒకసారి పరీక్ష చేయించుకోవాలని డాక్టర్లు చెబుతారు. మా చెల్లెలు మొదట భయపడి రానంది. తర్వాత ఇద్దరం కలిసి వెళ్లి ఎకో తీయించుకున్నాం. ఇద్దరికీ నాళం వెడల్పు మామూలుగానే ఉంది. నా బీపీ మాత్రం 146/92.

అన్న బీపీ రాయడానికి నేనొక పొడుగు నోటుబుక్కు కొన్నాను. ఎడమ పేజీలో తేదీ, పైది, కిందిది, నాడి, పక్కన వదిన టిక్కు. మూడేళ్ల పేజీలు నిండాయి. ఎకో తీయించుకున్న రోజు నుంచి కుడి పేజీ నాది.